మైసమ్మ గుడి ముందు ఆగిన లారీ

గురువారం, నవంబరు 1998. కొండాపూర్.

కోపం ఇంకా దిగలేదు. వాడేసిన అణు ఇంధనాన్ని రోడ్డు మీద తీసుకెళ్లడం ఎంత భద్రమో తేల్చడం మా కంపెనీ పని. నిన్న ఆ ఇంధనం నింపే ఉక్కు పీపాను ఖాళీగా లారీకెక్కించి దారంతా తిరిగి చూశాం. ఊరు దాటగానే లారీ మైసమ్మ గుడి ముందు ఆగింది. డ్రైవరు కొబ్బరికాయ తీశాడు. కాపలా పోలీసులు బూట్లు విప్పి, తుపాకులు చక్రానికి ఆనించి లోపలికి వెళ్లారు.

"తుపాకులు వదిలేస్తారా?" అన్నాను.

"అమ్మ ముంగట తుపాకేంది సారూ? జర నువ్వు గూడ మొక్కు," అన్నాడు హవల్దారు.

తుపాకులు బయట వదిలేసిన సంగతి రిపోర్టులో రాశాను. బయలుదేరే ముందే గేటు దగ్గర కాయ కొట్టిస్తే చాలని కూడా రాశాను. మేనేజరు రెండూ కొట్టేశాడు.

"లారీ ఎక్కడా ఆగదని ప్రభుత్వానికి ముందే చెప్పేశామండీ. ఇప్పుడు అమ్మవారిని ఇరికిస్తారా?"

"నేను రాసింది తుపాకుల గురించండీ."

"సంతకం పెట్టండి చాలు."

పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నాడు. సోమవారం నిండు పీపా బయలుదేరుతుంది. ఆ గుడి ముందే జనం బస్సు కోసం నిలబడతారు. వాళ్లను పక్కకు తప్పుకోమని చెబుదామంటే, లారీ వచ్చే రోజూ దారీ రహస్యం, అది బయటపెట్టానని పోలీసులు నన్నే పట్టుకుపోతారు.