పాప బరువు రెండోసారి

భద్రాచలం

చి. భవానికి,

మీ వదిన, పాప క్షేమం. ఫోన్‌లో చెబితే మధ్యలో ఏడుస్తావని కార్డు రాస్తున్నాను.

నర్సు ఉద్యోగం మానేస్తానన్నావు. ముందు ఇది చదువు. తన భార్యకు ఎక్కించాల్సిన రక్తం రావడం ఆలస్యమైందని నిన్న ఇక్కడి ఆసుపత్రిలో మీ వదిన ఉన్న కాన్పుల వార్డులో ఒకతను స్వరూప అనే కొత్త నర్సును నానా మాటలూ అన్నాడు. ఆమె పెట్టబోయిన సెలైన్ సూది రెండుసార్లు తప్పింది. పెద్ద సిస్టర్ కళావతి అది చూసి, "పో బిడ్డా, ఆ పాప బరువు చూసి రా" అంది. ఆ పాప మన పాపే! నాకు కోపం వచ్చింది.

"పొద్దున చూసిండ్రు కదా, సాయంత్రానికే పెరుగుతదా?" అన్నాను.

కళావతి నవ్వింది. "పెరగది అవ్వా. మాలో ఎవరి మనసు చెదిరినా చంటిపిల్ల కాడికి తోలుతం. జరసేపు ఎత్తుకుంటే మళ్ల పని చేసే ధైర్యం వస్తది. అందాక ఆమె పేషెంట్లను నేను చూసుకుంట."

స్వరూప చేతులు కడుక్కుని పాపను కాసేపు భుజాన వేసుకుంది. తర్వాత వెళ్లి అతని భార్యకే సెలైన్ పెట్టింది. ఈసారి సూది తప్పలేదు. మీ వదినను కాన్పులో కంటికి రెప్పలా చూసుకున్నది కూడా ఈ నర్సు పిల్లలే. వాళ్లకు ఎంత మొక్కినా తక్కువే.

కుక్కర్ గాస్కెట్ మార్పించావా? పాపకు పాత నూలు చీరలు రెండు కావాలి. ఉతికి, ఎండలో ఆరేసి, ఆదివారం నువ్వే తీసుకురా. రాజీనామా కాగితం మాత్రం అప్పటిదాకా ఎవరికీ ఇవ్వకు.

వచ్చాక పాప బరువు నువ్వూ చూద్దువుగాని. పొద్దున చూశారని నేను అనను.

చల్లగా ఉండు తల్లీ.

మీ నాయనమ్మ