గడియ ఉన్న గది

జూలై 8

మళ్లీ హాస్టల్లో చేరాను. డిగ్రీ ఆఖరి ఏడాది. పాపకు ఏడో నెల. దాన్ని అత్తయ్య ఒళ్లో పెట్టి, వెనక్కి చూడకుండా బస్సెక్కాను. చూసి ఉంటే దిగిపోయేదాన్ని.

జూలై 9, మధ్యాహ్నం

కెమిస్ట్రీ క్లాసులో పాలు పొంగి కుర్తా తడిసింది. పుస్తకం గుండెకు అడ్డం పెట్టుకుని బయటికి పరిగెత్తాను.

ఈ కాలేజీకి నూరేళ్లు దాటాయి. పాలరాతి మెట్లు, ఈతకొలను, పియానో గది, ఊరంత లైబ్రరీ. ఆడపిల్లల కోసమే కట్టారట. హాస్టల్‌తో కలిపి చూసినా, లోపల గడియ పడే గది మాత్రం ఒక్కటీ లేదు. బాత్‌రూమ్ గడియలు ఎప్పుడో ఊడిపోయాయి. కాలు తలుపుకు తన్నిపెట్టి సింకులోకి పిండాను. పాలు తెల్లగా సుడి తిరుగుతూ పోయాయి. అక్కడ పాప సీసా పాలు తాగుతూ ఉంటుంది.

జూలై 12

నా రూమ్మేట్‌ని అందరూ మైకు అంటారు. గొంతు అలాంటిది. ఇవాళ బాత్‌రూమ్ తలుపుకు వీపు ఆనించి నిలబడి, ఎవరొచ్చినా లోపల పాముందని అరిచింది. లోపల నేను నవ్వాపుకోలేక చచ్చాను. సాయంత్రానికి వార్డెన్ నిజంగానే పాములు పట్టే మనిషిని పిలిపించింది. ఇక నిజం చెప్పక తప్పలేదు.

జూలై 13

వార్డెన్ నన్ను ప్రిన్సిపాల్ దగ్గరికి తీసుకెళ్లింది. పాలు పిండుకోను గడియ ఉన్న గది ఒకటి కావాలన్నాను. ఆవిడ మెత్తగానే మాట్లాడారు. ఇలాంటి గది ఇంతవరకూ ఎవరూ అడగలేదన్నారు. పసిపిల్ల తల్లివి, ఒక్క ఏడాది ఆగలేకపోయావా అన్నారు.

"ఆగాను మేడమ్. పోయినేడాది."

చూద్దాంలే అన్నారు. అడిగింది ఇవ్వననే మాటకు మర్యాద తొడిగితే చూద్దాంలే అవుతుంది.

జూలై 18

ఒళ్లు కాలిపోతోంది. ఎడమ పక్క రాయిలా గట్టిపడింది. పాలు అలా నిలవ ఉంచుకుంటారా అని డాక్టరమ్మ తిట్టింది. ఎక్కడ పోయాలో మాత్రం చెప్పలేదు.

బ్యాగు సర్దాను. విప్పాను. మళ్లీ సర్దాను. మైకు వచ్చి బ్యాగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. నేను పోతే నా మంచం మీదికి ఎవర్నో గురక పెట్టేదాన్ని తెచ్చిపడేస్తారట. చచ్చినా ఒప్పుకోదట.

జూలై 21

ఆదివారం. అత్తయ్య పాపను తీసుకొచ్చింది. విజిటర్స్ హాలు నిండా జనం. మూలకెళ్లి గోడవైపు తిరిగి పాలివ్వబోయాను. పాప మొహం తిప్పేసుకుంది. సీసా కోసం గుక్కపట్టి ఏడ్చింది. అత్తయ్య ఎత్తుకోగానే ఊరుకుంది.

అత్తయ్య నా మొహం ఒకసారి చూసింది. పాపను చంకనేసుకుని నేరుగా ప్రిన్సిపాల్ బంగళాకు నడిచింది. లోపల ఏం మాట్లాడిందో ఎంత అడిగినా చెప్పలేదు.

"నువ్వెళ్లి చదువుకో పో," అంది. అంతే.

జూలై 26

గది ఇచ్చారు! మెట్ల కింద, విరిగిన బెంచీలు పడేసే గది. ఖాళీ చేసి సున్నం కొట్టారు. కుర్చీ, ఫ్యాను, నీళ్ల పంపు. తలుపుకు కొత్త గడియ. మైకు దాన్ని పదిసార్లు వేసి తీసింది.

జూలై 29

జ్వరం వచ్చినప్పటినుంచీ పాలు తగ్గుతూ వస్తున్నాయి. ఇవాళ ఎంత పిండినా చుక్క రాలేదు. గడియ వేసుకునే ఉన్నాను కదా, తీరిగ్గా ఏడ్చాను.

ఆగస్టు 2

ఆ గదిలో కూర్చుని చదువుకుంటుంటే ఎవరో తలుపు తట్టారు. సెలవు ముగించుకుని నిన్నే డ్యూటీలో చేరిన ఫిజిక్స్ మేడమ్. చీర ముందు భాగం తడిసి ఉంది. పుస్తకాలు తీసుకుని బయటికొచ్చేశాను. వెనక గడియ పడింది.