మాస్టారు చాండ్లర్ వచ్చారక్కా

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. "ట్యూషన్‌కి ఎందుకు వెళ్లనంటున్నావురా?" అని చిన్నప్పుడు నన్ను అడిగింది నువ్వొక్కదానివే. పదేళ్లవాణ్ణి, కడుపునొప్పి అని అబద్ధమాడాను. లెక్కల మాస్టారు అందరినీ పంపేశాక నన్నేం చేసేవాడో నీకు చెప్పేలోగానే వెళ్లిపోయావు.

ఐదు నెలలుగా ఇక్కడ అమెరికాలో, మా చాండ్లర్ ఊళ్లోనే, ఒక థెరపిస్ట్ దగ్గరికి వెళ్తున్నాను. మొదటి మూడుసార్లు ఆఫీసు గొడవలే మాట్లాడాను. నాలుగోసారి ఆ సంగతి చెప్పాను. తప్పు నాది కాదందావిడ. ఆ మాట నమ్మడం కోసమే ఇంకా వెళ్తున్నాను.

నిన్న నా భార్య సునీత, "వెనక వీధిలో కూతురింటికి ఇండియా నుంచి ఒక మాస్టారు వచ్చారంట. పిల్లలకి ఫ్రీగా మ్యాథ్స్ చెప్తున్నారంట. మన చిన్నూని కూడా జాయిన్ చేద్దామా?" అంది. పేరు కూడా చెప్పింది.

ఆయనే.

థెరపిస్ట్‌కి చెప్పిందంతా సునీతకీ చెప్పాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు. తర్వాత, "ఇప్పటికే ఏడుగురు పిల్లలు వెళ్తున్నారండీ" అంది.

పొద్దున థెరపిస్ట్‌తో కలిసి పిల్లల రక్షణ ఆఫీసుకి రిపోర్ట్ చేశాను. వాళ్లొచ్చేదాకా ఆగలేక సాయంత్రం మేమిద్దరం ఆ ఇంటికి వెళ్లాం. తలుపు ఆయనే తీశాడు. జుట్టంతా నెరిసింది. లోపలి నుంచి పిల్లల గొంతులు వినిపిస్తున్నాయి.

నన్ను గుర్తుపట్టలేదు. "రండి, రండి. పిల్లల్ని తీసుకురాలేదా?" అని నవ్వాడు.

"మీ అమ్మాయిని పిలవండి మాస్టారూ. మీరు నన్నేం చేశారో ఆవిడకి చెప్పాలి" అన్నాను.

అప్పుడు గుర్తుపట్టాడు.

సునీత అప్పటికే లోపలికెళ్లి పిల్లల మధ్య కూర్చుంది.