గోడ బయట ఆరు బుట్టలు

12 అక్టోబరు, ఆదివారం

ఆరాధన అయ్యాక డిస్క్ గోల్ఫ్. పళ్లెమంత ప్లాస్టిక్ డిస్కును దూరం నుంచి విసిరి, గొలుసులు వేలాడే ఇనుప బుట్టలో పడెయ్యాలి. అంతే ఆట. ఏళ్ల తరబడి స్కూల్లో డ్రిల్లు చేయించినా రాని పేరు ఈ ఆరు బుట్టలతో వచ్చింది. నిస్సీ టీచరంటే చర్చిలో ఇప్పుడు మర్యాద. నాకూ కాస్త పొగరెక్కింది, నిజం.

మా కోర్సులో, అంటే ఈ ఆడే చోటులో, మంచి: నీళ్లక్కర్లేదు, గడ్డి అక్కర్లేదు. కల్లూరులో ఆ రెండూ ఎటూ లేవు. ముసలివాళ్లు కూడా ఆడొచ్చు. సంఘ పెద్ద గాబ్రియేలు మామ పంచె ఎగ్గట్టి మరీ విసురుతాడు. శ్మశానం గోడ బయట చర్చి నేల ఇప్పించింది ఆయనే. ఆడ ఏముండాది, ఆడుకోండి అన్నాడు.

చెడు: గాలి. తుమ్మముళ్లు. డిస్కు నోట కరుచుకుని పరుగెత్తే కుక్కలు. ఆరో బుట్ట దగ్గర అన్నీ రాళ్లే.

17 అక్టోబరు

గాలి. ఒక్క డిస్కూ మాట వినలేదు.

19 అక్టోబరు, ఆదివారం

ఆరో బుట్ట దగ్గర రాళ్లకు తగిలి డిస్కుల అంచులు చీలుతున్నాయి. ఏరేద్దామన్నాను. మావాళ్లవి సేద్యం చేసిన చేతులు కదా, రాయి కనబడితే ఊరుకోవు. ఆడవాళ్లు అప్పటికే వంటలకు ఇళ్లకు వెళ్లిపోయారు. మగవాళ్లంతా కలిసి నేల చదును చేసి, రాళ్లన్నీ కంచె కింద కుప్ప పోశారు. భలే తృప్తిగా ఉంది.

2 నవంబరు, మధ్యాహ్నం

సమాధుల పండుగ. పొద్దున్నే అందరూ సున్నం బకెట్లు, బంతిపూలు పట్టుకుని శ్మశానానికి వచ్చారు. ఆత్మకూరు వైపు పత్తి కూలికి పోయిన జీవమ్మవ్వ కూడా ఈరోజు కోసమే వచ్చింది. గేటు లోపలికి మాత్రం పోలేదు. గోడ పట్టుకుని చుట్టూ నడిచి, ఆరో బుట్ట దగ్గర నిలబడింది. ఈడ రాళ్లు యాడబోయినాయి అని అడిగింది. నేను నవ్వుతూ కుప్ప చూపించాను. దేవుడా, నవ్వుతూ.

అప్పుడు ఆమే చెప్పింది. బాప్తిస్మం కాకముందే పోయిన పసిబిడ్డలను వెనకటికి గోడ లోపల పెట్టనిచ్చేవాళ్లు కాదట. బయటే గుంత, తలాపున ఒక రాయి. అవ్వలే మోసుకొచ్చి పెట్టేవాళ్లట, తండ్రులకు ఆ చోటు కూడా తెలీదు. తల్లులు ఏడాదికోసారి వచ్చి, ఆ రాయి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, ఎవరితోనూ ఏమీ అనకుండా వెళ్లిపోతారు.

నా బిడ్డది ఏ రాయి అని జీవమ్మవ్వ కుప్పలో ఒక్కొక్కటీ తిప్పి చూసింది. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

3 నవంబరు

తెలీక చేసినాంలే, దేవుడు చూసుకుంటాడు అన్నాడు గాబ్రియేలు మామ. ఆయన మీద ఒళ్లు మండింది. నా మీద అంతకంటే ఎక్కువ. ఆరో బుట్ట పీకించాను. కింద సిమెంటు దిమ్మెతో సహా లేచొచ్చింది. ఆ గుంతలోకి చూడాలంటే భయమేసింది.

6 నవంబరు, సాయంత్రం

జీవమ్మవ్వ కూలి మానేసి రోజూ వస్తోంది. ఎండలో ఆ కుప్ప దగ్గరే కూర్చుంటుంది. ఈరోజు నా చెయ్యి పట్టుకుంది. సదువుకున్నదానివి, రాళ్లు తీసేటప్పుడు ఈడనే ఉండావు, యాడ తీసినారో నీకు గుర్తుండదా పాపా, అంది.

గుర్తులేదనే అనబోయాను. ఆమె ముఖం చూశాక నోరు రాలేదు. కుప్పలోంచి ఒక రాయి తీసి, నేల మీద ఒక చోట పెట్టాను. ఇదేనా అంది. ఇదేనవ్వా అన్నాను. ఆ రాయిని కొంగుతో తుడిచి, దాని పక్కనే కూలబడి ఏడ్చింది. నాకూ ఏడుపు ఆగలేదు. నిజం చెబితే ఆమెకు ఏం మిగులుతుంది?

7 నవంబరు

జీవమ్మవ్వ ఆత్మకూరు బస్సెక్కిందట.

9 నవంబరు, ఆదివారం

ఎవరూ ఆడలేదు. సాయంత్రం గాబ్రియేలు మామ ఇంటికొచ్చాడు. మాది గూడా ఒకటి ఆడనే ఉండాదంట, మా యమ్మ పెట్టిందంట, ప్రేమమ్మ ఇన్నేండ్లకు నోరు తెరిసింది అన్నాడు. జీవమ్మకు చూపిస్తివంట గదా, మాకూ చూపించు పాపా, అన్నాడు. ఆయన భార్య ప్రేమమ్మత్త లోపలికి రాలేదు. కొవ్వొత్తి పట్టుకుని వాకిట్లోనే నిలబడింది.

చెప్పులు వేసుకున్నాను.