వరసలో ముందున్న పది ఊపులు

ప్రియమైన అక్కకు,

నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, బావగారూ, పిల్లలూ, నాన్నా అందరూ కులాసాగా ఉన్నారనుకుంటాను. నీ గాజులు కొన్నాను. లాడ్ బజార్‌లో బేరం నాకు చేతకాక ఇంటావిడ సుశీలమ్మగారిని వెంట తీసుకెళ్లాను. ఉస్మాన్‌గంజ్‌లో వాళ్లది మిరపకాయల కొట్టు, పైగది నాది. పొద్దున్నే తుమ్ములతో లేస్తాను. ఎండలు తగ్గాయి. వేళకు తింటున్నాను, కందిపొడి మాత్రం పంపు.

ఆఫీసు సంగతి అడిగావు. ఉపగ్రహానికి రెక్కల్లా పొడవాటి సోలార్ ప్యానెళ్లుంటాయి. పల్చనివి, కదిలిస్తే వందల రకాలుగా ఊగుతాయి. అన్నీ లెక్కలో పెడితే కంప్యూటర్ మోయలేదు. అవసరమైన కొన్ని ఊపులే ఉంచి మిగతావి తీసేయాలి. ఏవి అవసరమో తేల్చడమే మా పని.

మా పెద్దసారు ఎలా తేలుస్తారో విను. అన్నిటికన్నా నెమ్మదిగా ఊగేదానితో మొదలుపెట్టి వరసగా పది. అంతే. ప్రమోషన్లు ఇచ్చినట్టు, సీనియారిటీ ప్రకారం! ఆ పదిలో నాలుగు, ఉపగ్రహాన్ని తిప్పే మోటారుకు కదలనే కదలవు. పదమూడోది మెలితిరిగే ఊపు. మోటారు తిరిగితే మొదట లేచేది అదే. దాన్ని తీసేస్తే కాగితం మీద అంతా నిశ్చలం. పైకెళ్లాక మోటారే దాన్ని ఊపి ఊపి పెంచుతుంది, ఉపగ్రహం నిలకడ తప్పుతుంది.

ఆ మాటే సారుతో చెప్పాను.

"అమ్మాయ్, మొదట్నుంచీ పదే ఉంచుతున్నాం. నీ కాన్వెంటు తెలివి ఇక్కడ వద్దు. రిపోర్టు కింద సంతకం పెట్టు, నీ ఉద్యోగం కన్ఫర్మేషన్ నా చేతిలోనే ఉంది" అన్నారు.

మొదట్లో ప్యానెళ్లు పొట్టివి, వాటికి పది చాలేవన్న సంగతి ఆయనకు తట్టలేదు. ఆయనకు తట్టేది టీ వేళ ఒక్కటే.

సోమవారం మీటింగులో, బయటినుంచి వచ్చిన నిపుణులొకరు "ఈ పదే ఎందుకు?" అని అడిగారు. సారు నవ్వి, "మా అమ్మాయి చెబుతుంది" అన్నారు. నేను నోరెత్తనని ఆయన ధీమా.

"కారణమేం లేదండీ. వరసలో ముందున్నాయి" అన్నాను. పదమూడోదాని గురించీ చెప్పాను, నేల చూపులు చూస్తూనే.

రిపోర్టు ఆగింది. నా కన్ఫర్మేషనూ ఆగింది. సారు నాతో మాట్లాడరు. పక్క సీటువాళ్లు నన్ను చూసి నవ్వాలంటే ముందు ఆయన ముఖం చూసుకుంటారు. వీళ్లా శాస్త్రజ్ఞులు!

సుశీలమ్మగారు విని, "నోట్ల నాలుక లేదనుకున్న గద బిడ్డా, మస్తు చెప్పినవ్! గట్లాంటోనికి భయపడేదేంది? నౌకరి పోతే పోతది, ఫికర్ చెయ్యకు" అన్నారు.

పోతుందేమో అక్కా. భయంగానే ఉంది. ఈ లెక్కలు తప్ప నాకు మరో పని ఇష్టం లేదు. అయినా ఆ రిపోర్టు కింద నా పేరు రాయను. నాన్నకు నువ్వే నెమ్మదిగా చెప్పు. సారును క్షమాపణ అడగమని మాత్రం నాన్నను నాకు ఉత్తరం రాయనివ్వకు. నాన్న రాస్తే నేను అడగాల్సి వస్తుంది.

బావగారికి నమస్కారాలు. నాన్న కాళ్లకు నా బదులు నువ్వు దణ్ణం పెట్టు.

నీ చెల్లెలు,
సుధ