పదకొండు గంటల ఇరవై నిమిషాలు

ఏప్రిల్ 9, బుధవారం, ఉదయం
పద్నాలుగో గేటు పక్క కుర్చీ

చిరంజీవి చెల్లికి,

కాళ్ళు వాచిపోయిన మీ అక్క దీవించి రాయునది. నేను క్షేమమని రాయాలి గానీ, నాకు ఒళ్ళు మండిపోతోంది. ఫోన్ చేస్తే ఇద్దరం అరుచుకుంటాం. అందుకే కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపుతున్నాను.

మన రెండు ఊళ్ళ మధ్య 9,640 కిలోమీటర్లు, విమానంలో పదకొండు గంటల ఇరవై నిమిషాలు అని ఊళ్ళ మధ్య దూరాలు చెప్పే మీ కంపెనీ వెబ్ పేజీలో ఉంది. రాసింది నువ్వే. నేరుగా వెళ్ళే విమానం ఒక్కటీ లేదని ఆ పక్కనే ఒక ముక్క రాస్తే మీ సొమ్మేం పోయింది? మ్యాపు మీద గీత గీసి, వేగంతో భాగించి చేతులు దులుపుకుంటారా? చొక్కా గుడ్డ కత్తిరించడానికి నాకు పది నిమిషాలు పడుతుంది. పది నిమిషాల్లో చొక్కా ఇస్తానని చెబితే షాపు ముందు నన్ను బతకనిస్తారా?

రెండు విమానాలు మారాను. మూడోది పదింటికన్నారు, ఇప్పుడు సాయంత్రమట. కౌంటర్లో అమ్మాయిని నాలుగుసార్లు అడిగాను. కాసేపు కూర్చోండమ్మా అంటుంది. కూర్చోక ఏం చేస్తున్నానో ఆవిడే చెప్పాలి. రేపు ఏడింటికి నిన్ను ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. నేను దిగేసరికి తొమ్మిది దాటుతుంది. లోపలికి వెళ్ళేముందు పక్కన ఉండమని నువ్వు అడిగింది ఒక్కటే, అదీ నా వల్ల కాలేదు.

అమ్మ పోయినప్పుడు నువ్వు ముప్పై గంటలకు చేరావు. అప్పటికే అంతా అయిపోయింది. పదకొండు గంటల దారికి ముప్పై గంటలా, మధ్యలో షాపింగ్ చేశావా అని అందరి ముందూ దెప్పాను. క్షమించు. ఆ పేజీలో పదకొండు గంటలని చూసి, అవి దాటేసరికి ఇక నువ్వు రావనుకుని అన్నయ్య తొందరపడి అంత్యక్రియలు కానిచ్చాడని ఆరేళ్ళుగా అతనితో మాట మానేశావు. నేను నోరు మూసుకుని చూస్తూ ఉన్నాను.

ధైర్యంగా ఉండు. మందులు మానకు.

ఇట్లు,
ఎగరని విమానం ముందు పడిగాపులు కాస్తున్న
అక్క

తా.క. ఎదురుగా చెబుదామనే బయల్దేరాను. ఇక ఆగలేను. ఆ రోజు అన్నయ్య ఏ పేజీ చూడలేదు. మర్నాటి దాకా ఆగుదామనే అన్నాడు. ‘చెల్లి ఫోన్ చేసింది, రావడం కుదరదట, కానిచ్చేయమంది’ అని అతనికి అబద్ధం చెప్పింది నేను. ఎనిమిది నెలలు అమ్మకి అన్నీ చేసింది నేను, చివరికి అమ్మ అడిగింది నిన్ను. ఓర్వలేకపోయాను. నువ్వొచ్చాక అన్నయ్యకు విషయం తెలిసిపోయింది. నన్ను నీ దగ్గర బయటపెట్టలేక, ఆ పేజీ మాట కల్పించి నింద తన మీద వేసుకున్నాడు. నాకంటే ముందు విమానంలో వచ్చి, నిన్నటి నుంచి మీ ఆసుపత్రి కింది హాల్లోనే కూర్చున్నాడు. నువ్వు వద్దంటావని పైకి రాలేదు. పిలిపించు.