మా అమ్మాయి ఎముకలు "ఉత్తమం" అన్న నిర్ణయాన్ని రద్దు చేయుట గురించి

వైద్య ధ్రువీకరణ మండలి అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: తొమ్మిదేళ్ల బాలిక ఎడమ కంటి ఆపరేషను – అనుమతి పత్రం నిరాకరణ – పునఃపరిశీలన కోరుట.

ఈ ఫైలులో ఇంతకుముందున్న ఆరు అర్జీలూ నా భార్య రాసినవి. ఆమె పదకొండు నెలల క్రితం జ్వరంతో చనిపోయింది. చేతిరాత మారినందుకు మన్నించగలరు.

1. మా అమ్మాయికి పుట్టుకతో వచ్చిన ఎముకల జబ్బు ఉంది. మామూలుగా శరీరం పాత ఎముకను అరగదీసి కొత్తది కడుతుంది. ఈమెకు అరగదీసే పని జరగదు, కట్టే పని ఆగదు. అందువల్ల ఎముక రాయిలా బరువెక్కుతుంది, సుద్దముక్కలా విరుగుతుంది. మండలి వారి ఫారంలో ఎముకల సాంద్రతకు రెండే గళ్లున్నాయి: "తక్కువ", "సరిపడా". ఈమె అంకె రెండింటినీ దాటిపోయింది. గుమాస్తా గారు చాలాసేపు ఆలోచించి, పక్కన ఖాళీలో "ఉత్తమం" అని స్వహస్తాలతో రాశారు.

"మీ పాప ఎముకలు ఈ ఆఫీసులో అందరికంటే గట్టివండీ," అని నన్ను అభినందించారు కూడా.

పక్క బల్ల దగ్గరి ఆవిడ తొంగిచూసి, "ఇందులో సగం మా ఆయనకున్నా బాగుండేది. మోకాళ్లు, మోకాళ్లు అని నా ప్రాణం తోడేస్తున్నారు," అన్నారు.

2. వంతెనలకు వాడే కాంక్రీటు దిమ్మెలను యంత్రంలో పెట్టి పగలగొట్టి చూసే ప్రయోగశాలలో పదహారేళ్లుగా పనిచేస్తున్నాను. గట్టిదనం వేరు, తట్టుకోవడం వేరు అని అక్కడ చేరిన మొదటి వారమే తెలుస్తుంది. సదరు ఉత్తమమైన ఎముకలు ఇప్పటికి ఏడుసార్లు విరిగాయి. ఏడోసారి తమ కార్యాలయం రెండో అంతస్తు మెట్ల మీద. మెట్లకు ఎట్టి నష్టమూ వాటిల్లలేదని అటెండరు చేత రాయించి ఆ కాగితాన్ని ఫైలులో పెట్టారు. అందులో మా అమ్మాయి ప్రస్తావన లేదు.

3. కంటి నుంచి మెదడుకు వెళ్లే నరం పుర్రెలోని ఒక చిన్న రంధ్రం గుండా పోతుంది. ఎముక పెరిగి ఆ రంధ్రాన్ని పూడుస్తోంది. కుడి కంటి చూపు నిరుడే పోయింది. ఎడమ వైపు రంధ్రాన్ని వెడల్పు చేయడానికి సర్జన్ గారు ఈ నెల పద్నాలుగో తేదీ ఇచ్చారు. అది దాటితే ఇక తన చేతుల్లో ఉండదన్నారు. మండలి అనుమతి లేనిదే పెద్దాసుపత్రిలో చేర్చుకోరు.

కంటి విభాగానికి వెళితే, కన్ను నిక్షేపంగా ఉంది, దారి మూసింది ఎముక కాబట్టి అక్కడికి పొమ్మన్నారు. ఎముకల విభాగంలో "ఉత్తమం". రెండు విభాగాలకూ నడుమ ఒక వరండా ఉంది. అందులో మేము నాలుగు రోజులు కూర్చున్నాం. చివరికి సూపరింటెండెంటు గారు దయతలచి ఒక ఉపాయం చెప్పారు.

"ఒక కన్నుందిగా సార్! రూలు ప్రకారం రెండూ పోవాలి. రెండోది కూడా పోయాక రండి, ఫైలు దానంతటదే కదులుతుంది. నాదీ పూచీ."

"అప్పుడిక ఆపరేషన్ దేనికండీ?"

"అది డాక్టర్లని అడగాలి. మా పరిధి కాదు."

మా అమ్మాయి పక్కనే ఉంది. ఆమె చెవులకు ఇంకా ఏమీ కాలేదు.

4. జబ్బు వంశపారంపర్యమని రుజువు చేయడానికి తల్లిదండ్రులిద్దరూ స్వయంగా హాజరు కావాలన్నారు. నా భార్యలో ఒకటి, నాలో ఒకటి, మమ్మల్ని ఏమీ చేయకుండా దాగి ఉన్న లోపాలు పిల్లలో కలిశాయి. పెళ్లినాడు మాకిది తెలియదు. నేను హాజరయ్యాను. నా భార్య మరణ ధ్రువపత్రం ఇచ్చాను. గుమాస్తా గారు చదివి, "అయ్యో పాపం," అన్నారు. మనస్ఫూర్తిగానే అన్నారు. ఫారం తిరగేసి, "మరి ఆవిడ సంతకం ఎలాగండీ? పోనీ, ఆవిడ తరఫున ఎక్స్-రే తీయించుకోడానికి అక్కచెల్లెళ్లెవరైనా ఉన్నారా?" అన్నారు.

ఫైలులో "తల్లి గైర్హాజరు. కారణం సంతృప్తికరంగా లేదు," అని నమోదైంది. ఈ ఒక్క విషయంలో మండలి వారితో ఏకీభవిస్తున్నాను.

కావున "ఉత్తమం" అన్న మాట కొట్టివేయించి, తల్లి హాజరును మినహాయించి, పద్నాలుగో తేదీకి ముందే అనుమతి పత్రం ఇప్పించ ప్రార్థన. ఫారంలో మూడో గడి గీయడానికి మండలి సమావేశం కావాలంటే, అది తర్వాత తీరిగ్గా జరుపుకోవచ్చు. ఈ సంగతులు తమరు స్వయంగా చిత్తగించవలెను. కింది విభాగానికి పంపవద్దు. వారు ఇదివరకే చిత్తగించారు.

తమ విధేయుడు,
బాలిక తండ్రి

తా.క.: నిన్న సాయంత్రం మా అమ్మాయి నన్ను కిటికీ దగ్గర కుర్చీలో కూర్చోబెట్టి, చాలాసేపు చూసింది.

"ఏంటమ్మా?"

"కదలకు నాన్నా. నిన్ను కంఠస్థం చేస్తున్నా. అరే, నీ కనుబొమ్మలో ఒక తెల్లవెంట్రుక ఉందే!"

నుదురూ కనుబొమ్మలూ అయిపోయాయట. మిగతాది రోజుకు కొంచెం చొప్పున చేస్తుందట. ఆమె ఏదైనా త్వరగా నేర్చుకుంటుంది. అయ్యా, తమరు అంతకంటే త్వరగా సంతకం చేయాలి.